పేర్లు కలిపే కోడ్ దొరికింది కానీ రాజు, రోజా ఒక్కరే అంటోంది. సాయం చేయండి

బడిగంట
మంగళవారం, రాత్రి 10:42

అందరికీ నమస్కారం. నేను ప్రోగ్రామర్ని కాదు, తణుకు దగ్గర ఒక సహకార సంఘంలో గుమస్తాని. వీడియోలు చూసి పైథాన్ కాస్త నేర్చుకున్నాను. తెలియక ఏమైనా తప్పు మాట్లాడితే సర్దుకోండి.

మా ఊరి హైస్కూలు 1974లో పెట్టారు. ఇప్పుడు స్వర్ణోత్సవం. నా నెత్తిన రెండు జాబితాలు పెట్టారు. మొదటిది 1999 రజతోత్సవ సంచిక వెనక పేజీల్లో అచ్చువేసిన పూర్వ విద్యార్థుల పట్టిక: పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, పదో తరగతి సంవత్సరం. మొత్తం 1,480 పేర్లు, అన్నీ తెలుగులోనే. రెండోది ఇప్పుడు గూగుల్ ఫారంలో వాళ్లంతట వాళ్లు నింపింది. 1999 లోపు చదివినవాళ్లవి విడదీస్తే 684 వచ్చాయి. వాటిలో 260 మంది తెలుగులో కొట్టారు, మిగతావాళ్లు ఇంగ్లీషులో. ఎవరు ఎవరో కలిపి, దొరకనివాళ్ల జాబితా ఊళ్లో పెద్దలకి ఇవ్వాలి.

వెతికితే ఫజీవజీ అని, రెండు పదాలు ఎంత దగ్గరగా ఉన్నాయో వందకి మార్కులిచ్చే పైథాన్ లైబ్రరీతో ఎవరో రాసిన కోడ్ దొరికింది. ముందు తెలుగు 260తో ప్రయత్నించాను. అందరికీ సున్నా మార్కులే! ఇచ్చిన పదం ఖాళీ అయిపోయిందని ఒక హెచ్చరిక కూడా వచ్చింది. ఇంకోచోట ఎవరో చెబితే ఆస్కీ (ఉత్త ఇంగ్లీషు) అక్షరాలకే పరిమితం చేసే ఆప్షన్ ఆపేశాను. ఇప్పుడు మార్కులు వస్తున్నాయి కానీ ఇవి చూడండి:

రాజు, రోజా: 100
రాణి, రేణు: 100
లీల, లాలు: 100

రాజుని రోజా అంటే రాజు ఊరుకుంటాడా? తప్పు ఎక్కడుంది?

ఎక్సెల్ ఏకలవ్యుడు
మంగళవారం, రాత్రి 11:05

ఎక్సెల్లో వీలుకప్ ఫార్ములా కొట్టండి సార్, రెండు నిమిషాల పని.

బడిగంట
మంగళవారం, రాత్రి 11:09

కొట్టాను సార్. 684కి 71 దొరికాయి. 'సుబ్బారావు'కీ 'సుబ్బా రావు'కీ మధ్య ఒక ఖాళీ ఉన్నా అది ససేమిరా అంటోంది.

సింహపురి
బుధవారం, ఉదయం 7:18

బడిగంట గారూ, మీ తప్పేం లేదు. అదే గోతిలో నేనూ పడ్డాను.

ఆ ఫంక్షన్ పేర్లు పోల్చే ముందు శుభ్రం చేస్తుంది. అక్షరం గానీ అంకె గానీ కానిదాన్నల్లా తీసేసి ఖాళీ పెడుతుంది. ఇంగ్లీషుకి అది మంచిదే, చుక్కలూ కామాలూ పోతాయి. చిక్కల్లా పైథాన్లో అక్షరాల నమూనాలు వెతికే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ మాడ్యూల్ దృష్టిలో మన గుణింతపు గుర్తులు అక్షరాలు కావు. దీర్ఘం, కొమ్ము, గుడి, సున్న, పొల్లు అన్నీ దానికి కామాతో సమానం. కాబట్టి 'రాజు'లో దీర్ఘం పోయి, కొమ్ము పోయి 'ర జ' మిగులుతుంది. 'రోజా'లో ఓత్వం పోయి, దీర్ఘం పోయి అదీ 'ర జ'యే. రెండూ ఒకటే కదా, నూటికి నూరు ఇచ్చింది.

మొదట్లో అన్నీ సున్నా రావడానికి కారణం వేరు. ఆస్కీ ఆప్షన్ ఆన్‌లో ఉంటే తెలుగు అంటూ ఏమీ మిగలదు. ఖాళీని ఖాళీతో పోల్చి సున్నా ఇచ్చింది. నిజానికి ఆ సున్నాలే నయం, ఏదో తేడాగా ఉందని తెలిసింది. నూర్లు వస్తే మనం నమ్మేస్తాం.

చేయాల్సింది: ఆ శుభ్రం చేసే పనిని పూర్తిగా ఆపేసి, మీరే మీ శుభ్రం రాసుకోండి. ర్యాపిడ్‌ఫజ్ లైబ్రరీకి మారండి. అందులో 3వ వెర్షన్ నుంచి శుభ్రం దానంతట అది జరగదు, మనం అడిగితేనే చేస్తుంది. వేగం కూడా ఎక్కువ. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లు తప్పదనుకుంటే పైథాన్‌తో వచ్చేది కాకుండా 'రెజెక్స్' అని విడిగా ఒక మాడ్యూల్ ఉంది, దానికి గుణింతాలు తెలుసు.

ఓరుగల్లు పోరడు
బుధవారం, ఉదయం 8:02

అక్కా సూపర్. నేను రెండేండ్ల కింద ప్రాజెక్టుల గిదే కోడ్ వాడిన. మార్కులు మస్తుగొచ్చినయని రిపోర్టుల గూడ రాసిన. ఇప్పుడు భయమైతుంది.

కోబాల్ బాబాయ్
బుధవారం, ఉదయం 9:30

దొరికిన కోడ్ ఎవరి అవసరానికి పుట్టిందో ముందు చూడాలి నాయనా. ఫజీవజీ అమెరికాలో టికెట్లు అమ్మే సీట్‌గీక్ వాళ్లు 2011లో బయటపెట్టింది. ఒకే ఆటని, ఒకే కచేరీని ఒక్కో సైటు ఒక్కో పేరుతో రాస్తుంటే అన్నిటినీ ఒకచోట కలపడానికి రాసుకున్నారు. వాళ్లకి రాజు, రోజా గొడవ ఎందుకొస్తుంది?

మా రోజుల్లో జాబితాలుండే రెండు మాగ్నెటిక్ టేపులూ ఒకే కీ (ఖాతా నంబరులాంటి గుర్తింపు) మీద సార్ట్ చేసి, పక్కపక్కన నడిపించేవాళ్లం. ఏ టేపులో కీ చిన్నదైతే ఆ టేపు ముందుకి జరపాలి, సమానమైతే జత. అంతే. పేరు మీద కలపమని ఎవరన్నా అంటే ముందు ఖాతా నంబరు పట్రా అనేవాళ్లం. మీకా సదుపాయం లేదు కాబట్టి పేర్లతోనే కుస్తీ పట్టాలి.

పేరు పలికే తీరుని బట్టి చిన్న కోడ్ ఇచ్చే సౌండెక్స్ గురించి ఇంకా ఎవరూ ఎత్తలేదేం?

ఓరుగల్లు పోరడు
బుధవారం, ఉదయం 9:47

బాబాయ్ నేనే ఎత్తుదామనుకున్న. ఇంగ్లీషుల కొట్టినోళ్లకు సౌండెక్స్ పెడితే సరిపోతది గదా? లక్ష్మిని 'కె ఎస్ హెచ్'తో రాసినా 'ఎక్స్'తో రాసినా రెండూ ఎల్-250 అనే వస్తది. చేసి చూసిన.

సింహపురి
బుధవారం, ఉదయం 10:15

లక్ష్మికి వస్తుంది తమ్ముడూ. ఇప్పుడు వెంకటేశ్వర్లుకి చెయ్యి. వి-523. వెంకటేశ్వరరావు, వెంకటేష్, వెంకటరమణ, వెంకటలక్ష్మి? అందరూ వి-523. మొదటి అక్షరం ఉంచి, అచ్చులు తీసేసి, మూడు అంకెలు రాగానే ఆపేస్తుంది కదా. వెంకటలో ఎన్, కె, టి చాలు, మూడంకెలూ నిండిపోతాయి. తర్వాత ఏమున్నా దానికి అక్కర్లేదు. గోదావరి జిల్లాల్లో ఊరికి ఎంతమంది వెంకటలు ఉంటారో బడిగంట గారికే తెలియాలి.

పైగా మొదటి అక్షరాన్ని అది ముట్టుకోదు. ఎర్రయ్యని ఒకరు 'ఈ'తో, ఒకరు 'వై'తో మొదలుపెడతారు. అక్కడే తెగిపోయింది.

కోబాల్ బాబాయ్
బుధవారం, ఉదయం 10:40

భేష్. దానికి 1918లో పేటెంటు ఇచ్చారు. 1930లలో అమెరికా వాళ్లు పాత జనగణన రికార్డులకి సూచిక తయారు చేయడానికి వాడారు. అక్కడ వెతికేది ఇంటిపేరుతో. వాళ్ల ఇంటిపేర్లు పొట్టివి, నాలుగు గుర్తులు సరిపోయాయి. మన వెంకట సత్య సూర్య నారాయణ మూర్తికి నాలుగు గుర్తులంటే ఆయన ఇంటిపేరు గుమ్మం కూడా దాటదు.

మన భాషలకని సిల్పా ప్రాజెక్టులో ఇండిక్ సౌండెక్స్ ఒకటి రాశారు. మలయాళం స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వాళ్ల పని. ఒక లిపిలోని ధ్వనికీ ఇంకో లిపిలోని ధ్వనికీ ఒకే కోడ్ ఇస్తుంది. తెలుగు లిపి, కన్నడ లిపి కలపాలంటే మంచి ఆధారం.

అచ్చుమేస్త్రీ
బుధవారం, మధ్యాహ్నం 1:12

నాదో ప్రశ్న. 1999 సంచిక అంటే అది పాత అను ఫాంటుల్లో, పేజ్‌మేకర్ అనే పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్‌లో చేసి ఉండాలి. ఇప్పుడు అందరూ వాడే యూనికోడ్‌కి ఎలా మార్చారు?

బడిగంట
బుధవారం, మధ్యాహ్నం 1:30

అవును సార్, ప్రెస్ వాళ్ల దగ్గర సీడీ ఉంటే తెచ్చుకున్నాను. ఆన్‌లైన్‌లో ఒక కన్వర్టర్‌లో అతికిస్తే తెలుగు వచ్చింది. చదవడానికి బాగానే ఉంది.

అచ్చుమేస్త్రీ
బుధవారం, మధ్యాహ్నం 1:58

చదవడానికి బాగానే ఉంటుంది, అదే ఇబ్బంది. మీ ఫైల్లో 'లక్షి్మ' అని వెతికి ఎన్ని ఉన్నాయో చెప్పండి. దగ్గరగా చూడండి, గుడి ముందు వచ్చి మ ఒత్తు విడిగా వేలాడుతుంటుంది.

బడిగంట
బుధవారం, మధ్యాహ్నం 2:06

64!! మీకెలా తెలిసింది సార్?

అచ్చుమేస్త్రీ
బుధవారం, మధ్యాహ్నం 2:35

విజయవాడలో ఇరవై రెండేళ్లుగా ఇదే పని బాబూ. పాత ఫాంటుల్లో అక్షరం అంటూ ఉండదు, ముక్కలు ఉంటాయి. క్షకి గుడితో ఒక ముక్క, తర్వాత మ ఒత్తు ఒక ముక్క. కంటికి కనిపించే వరసలో కొడతాం. యూనికోడ్‌లో వరస వేరు. ల, క, పొల్లు, ష, పొల్లు, మ, చివరికి గుడి. హల్లులన్నీ అయ్యాకే గుణింతం. సరైన కన్వర్టర్ అయితే ఒత్తుని వెనక్కి లాగి గుణింతాన్ని చివరికి తోస్తుంది. కొన్ని కన్వర్టర్లు ముక్కకి ముక్క మార్చి వదిలేస్తాయి. వెబ్‌సైట్లలో 'లక్షి్మ', 'దృషి్ట' అని చూసి ఉంటారు, అవన్నీ ఈ బాపతే.

సవరించడం తేలిక. తెలుగులో గుణింతపు గుర్తు వెంటనే పొల్లు రావడం అనేది ఉండదు. అలా ఎక్కడ కనిపిస్తే అక్కడ ఆ గుర్తుని ఎత్తి, పొల్లూ దాని తర్వాతి హల్లూ దాటించి పెట్టాలి. రెండు ఒత్తులున్నచోట మళ్లీ ఒకసారి తిప్పండి. ఇక మార్పు ఏమీ జరగడం లేదనేదాకా తిప్పుతూనే ఉండాలి.

అక్షరం సైజు పెంచి చూడటం కాదు, కోడ్ పాయింట్లు (ఒక్కో గుర్తుకీ యూనికోడ్ ఇచ్చిన నంబరు) విడదీసి చూడండి.

సింహపురి
బుధవారం, సాయంత్రం 4:20

మేస్త్రీ గారికి దండం. ఇంకో రెండు చేర్చనా.

ఐత్వం. 'శైలజ'లో ఐత్వాన్ని ఒకే గుర్తుగా రాయొచ్చు, లేదా ఎత్వం, దాని కింద ఐత్వపు తోక అని రెండు గుర్తులుగానూ రాయొచ్చు. తెర మీద ఇద్దరు శైలజలూ కవలల్లా ఉంటారు, పోలిస్తే సమానం కాదంటుంది. యూనికోడ్ నార్మలైజేషన్ ఉంది కదా, ఎన్‌ఎఫ్‌సీ, అది ఒక్కసారి చేస్తే రెండు గుర్తులూ ఒకటవుతాయి. (వరస తప్పిన లక్ష్మిని మాత్రం ఎన్‌ఎఫ్‌సీ బాగుచేయదు, మేస్త్రీ గారు చెప్పిందే చేయాలి.)

రెండోది కంటికి కనపడని అక్షరాలు. ఫోన్లో 'రాజ్‌కుమార్' అని కొడితే జ్ తర్వాత ఒక విడదీసే గుర్తు దూరుతుంది. వెడల్పు సున్నా, కానీ పోలిక పాడుచేస్తుంది. అవి తీసేయండి. పేరుకి ముందూ వెనకా ఖాళీలు కూడా.

బడిగంట
గురువారం, రాత్రి 9:55

అందరికీ థాంక్స్. మేస్త్రీ గారు, సింహపురి గారు చెప్పినవన్నీ చేశాను. తెలుగు 260లో అచ్చంగా సరిపోయేవే 58 నుంచి 133కి పెరిగాయి, ఇంకా ఫజీ (సుమారు పోలిక) దాకా వెళ్లకుండానే!

తర్వాత ర్యాపిడ్‌ఫజ్ మామూలు రేషియో పెట్టాను. 85 దాటితే జత అనుకుందాం అని. ఇదిగో చూడండి:

లక్ష్మి, లక్ష్మీ: 86
వెంకటసుబ్బయ్య, వెంకటసుబ్బమ్మ: 85
సీతయ్య, గీతయ్య: 83
సీత, గీత: 67

పైది ఒకే మనిషి, రెండోది మొగుడూ పెళ్లాం కూడా కావచ్చు. మధ్యలో ఒక్క మార్కు తేడా. గీత ఎక్కడ గీయమంటారు?

కోబాల్ బాబాయ్
గురువారం, రాత్రి 10:20

గీత, సీత అని రాసి గీత ఎక్కడ గీయమంటావా, బాగుంది.

ఓరుగల్లు పోరడు
గురువారం, రాత్రి 10:31

అన్నా జారో వింక్లర్ అనే పోలిక లెక్క పెట్టి చూడు. పేర్లకోసమే జేసిన్రు. జారో అనేటాయన అమెరికా జనగణన ఆఫీసుల ఉన్నప్పుడు చేసిండు, 1989ల పేపర్ వచ్చింది, మర్ల వింక్లర్ 1990ల దాన్ని సుధారించిండు.

సింహపురి
గురువారం, రాత్రి 10:50

వింక్లర్ చేసిన మార్పు ఏమిటో చూశావా తమ్ముడూ? మొదటి నాలుగు అక్షరాల దాకా కలిస్తే బోనస్ మార్కులు. ఇంగ్లీషులో పేరు మొదట్లో తప్పు రాయరు, చివర్లో రాస్తారు అని. మనకి ఇంటిపేరు ముందు వస్తుంది. అంటే అన్నదమ్ములూ, అక్కచెల్లెళ్లూ, బాబాయిలూ అందరికీ ఉత్తి పుణ్యానికి బోనస్. ఒకే బళ్లో చదివిన ఇంటిల్లిపాదీ ఒక్కరే అయిపోతారు. వాడాలంటే ఇంటిపేరు కోసేసి, పేరు మీదే వాడు.

బడిగంట గారూ, గీత సంగతి. ఆ రేషియో లెక్కపెట్టేది కోడ్ పాయింట్లు. 'లక్ష్మి' మనకి రెండక్షరాలు, దానికి ఏడు. అందులో ఒకటి మారింది కాబట్టి 86. 'వెంకటసుబ్బయ్య' దానికి పదమూడు, రెండు మారాయి, 85. దీర్ఘం పోవడమూ, య్య కాస్తా మ్మ కావడమూ దాని లెక్కలో ఒకే జాతి తప్పు. ఏ తప్పు మామూలో, ఏది మనిషినే మార్చేస్తుందో మనమే చెప్పాలి. నేనైతే ఇలా చేస్తాను.

రాతలో జరిగే తేడాలు పోలికకి ముందే చెరిపేస్తాను: హ్రస్వ దీర్ఘాలు, శ ష స, ణ న, ళ ల, ఒత్తక్షరాలు (ఖ, ఘ, ధ, భ లాంటివి), 'కృ'కి 'క్రి', సున్నకి బదులు 'న్' లేక 'మ్'. రమేశ్, రమేష్ ఇద్దరూ అక్కడే కలిసిపోతారు, ఫజీతో పని లేదు. మనిషిని మార్చే తేడాలకి వీటో: అయ్య ఎదుట అమ్మ ఉంటే మార్కులు ఎన్నొచ్చినా కొట్టేయడమే. మిగిలినదానికే మార్కులు.

బడిగంట
శుక్రవారం, ఉదయం 6:40

దీర్ఘాలు చెరిపేస్తే రమ, రామ కలిసిపోరా అండీ?

సింహపురి
శుక్రవారం, ఉదయం 7:05

కలుస్తారు. అందుకే పేరొక్కటే చూడకూడదు. తండ్రి పేరు, బ్యాచ్ కూడా చూస్తే రమ వేరు, రామ వేరు అని తెలుస్తుంది. చెరిపేసిన రూపం కేవలం పోలికకి, అసలు పేరు పక్క కాలమ్‌లో భద్రంగా ఉండాలి. ఒకసారి మా దగ్గర ఒకబ్బాయి చెరిపేసిన కాలమ్‌నే సేవ్ చేశాడు, ఆహ్వానాలన్నీ 'స్రినివస రవు గారికి' అని వెళ్లాయి.

డాలస్ మావయ్య
శుక్రవారం, ఉదయం 8:15

నేనూ ఇలాంటి ఫారం నింపినవాణ్ణే. మా టెక్సాస్‌లో తేదీ అలవాటు నెల ముందు. జూన్ 5 అని కొట్టానో మే 6 అని కొట్టానో నాకే గుర్తులేదు. పుట్టిన తేదీ మీద ఎక్కువ ఆధారపడకండి.

కోబాల్ బాబాయ్
శుక్రవారం, ఉదయం 9:00

నెల, తేదీ తిరగేసినా ఒకటేనని ఒప్పుకునేలా రాసుకుంటే ఆ బాధ తీరుతుంది. అంతకన్నా పెద్దది ఇంకోటి ఉంది. మన తరం బడి రికార్డుల్లో జూన్ 1, జూలై 1 పుట్టినవాళ్లు ఎంతమందో లెక్కపెట్టి చూడండి. తేదీ తెలియదంటే మాస్టారే ఒకటి వేసేసేవారు. నాదీ జూలై 1నే.

బడిగంట
శుక్రవారం, ఉదయం 9:22

లెక్కపెట్టాను. 1,480లో 312 మందికి ఆ రెండు తేదీలే. 😀

సింహపురి
శుక్రవారం, ఉదయం 9:48

ఇదే 1969లో ఫెల్లెగి, సంటర్ అని ఇద్దరు గణాంక శాస్త్రవేత్తలు లెక్క కట్టి చెప్పింది. కలిసినంత మాత్రాన అన్నిటికీ ఒకే విలువ ఇవ్వకూడదు. జూలై 1 కలిస్తే అదేం విశేషం కాదు. నవంబరు 23 కలిస్తే విశేషమే. తండ్రి పేరు వెంకటేశ్వర్లు కలిస్తే రెండు మార్కులు, పాపారాయుడు కలిస్తే పది. ఎంత అరుదైతే అంత బరువు. స్ప్లింక్ అని బ్రిటన్ న్యాయశాఖ వాళ్ల ఉచిత లైబ్రరీ ఈ లెక్కలన్నీ చేసిపెడుతుంది కానీ 1,480 పేర్లకి అంత సరంజామా అక్కర్లేదు. ప్రతి పేరూ ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టుకుని దాన్ని బట్టి బరువు వేయండి, చాలు.

అన్నిటినీ అన్నిటితో పోల్చొద్దు కూడా. 684 ఇంటూ 1,480 అంటే పది లక్షల పైన. బ్యాచ్ సంవత్సరం, దానికి ముందొకటి, వెనకొకటి తీసుకుంటే లక్షన్నర లోపే. తప్పు జతలు రావడానికి సందు కూడా తగ్గుతుంది.

అమ్మమ్మగారిల్లు
శుక్రవారం, మధ్యాహ్నం 12:40

ఇన్నాళ్లూ చదువుతూ ఊరుకున్నాను. ఒక్క మాట. ఇంటిపేరు కలవకపోతే మార్కులు కోస్తున్నారా? కోస్తుంటే ఆడపిల్లల్లో సగం మంది మీ 'దొరకనివాళ్ల' జాబితాలో తేలతారు. నేను 1988 బ్యాచ్. బళ్లో ఒక ఇంటిపేరు, ఇప్పుడు ఇంకొకటి. మా బ్యాచ్ గ్రూపులో పెళ్లికి ముందు ఇంటిపేరు రాసినవాళ్లు ఇద్దరో ముగ్గురో. తండ్రి పేరు అనే గడిలో కొందరు భర్త పేరు రాసేస్తారు, బ్యాంకు ఫారాలు నింపీ నింపీ అదే అలవాటు.

బడిగంట
శుక్రవారం, మధ్యాహ్నం 12:58

అమ్మా, సరిగ్గా అదే జరిగింది. దొరకనివాళ్లు 140 మంది ఉంటే అందులో 101 మంది ఆడవాళ్లే. వాళ్లు బళ్లోనే చదవలేదని మా కమిటీలో ఒకాయన అనేశాడు కూడా.

ఇంటిపేరు కలిస్తే మార్కులు కలుపుతాను, కలవకపోతే కోయను. అలా మార్చేస్తాను.

ఎక్సెల్ ఏకలవ్యుడు
శుక్రవారం, సాయంత్రం 5:30

కోడ్ రానివాళ్లకి నాదో మాట. ఎక్సెల్ పవర్ క్వెరీలో రెండు పట్టికలు కలిపేటప్పుడు ఫజీ అని టిక్ పెట్టొచ్చు. ఎంత పోలిక కావాలో 0 నుంచి 1 మధ్య ఇవ్వాలి, ఇవ్వకపోతే 0.8 తీసుకుంటుంది. ఒక మార్పిడి పట్టిక కూడా ఇవ్వొచ్చు. ఎడమవైపు 'ఎల్‌ఎక్స్‌ఎంఐ'లాంటి వింత రాతలు, కుడివైపు అసలు రాత. నేను మా అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ బ్యాంకు స్టేట్‌మెంట్‌తో ఇలాగే కలుపుతాను.

ఓరుగల్లు పోరడు
శుక్రవారం, సాయంత్రం 6:10

ఇంగ్లీషుల కొట్టిన 424 సంగతేందన్నా? వాటిని తెలుగులకు మార్చుడా, తెలుగును ఇంగ్లీషుకు మార్చుడా? మొత్తం రెండు ఫైళ్లు ఏఐకిస్తే అయిపోతది గదా?

నిర్వాహకుడు
శుక్రవారం, సాయంత్రం 6:25

మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. బడిగంట గారు మధ్యాహ్నం పెట్టిన స్క్రీన్‌షాట్ తీసేశాను, అందులో 12 మంది ఫోన్ నంబర్లు కనిపిస్తున్నాయి. మనుషుల వివరాలున్న ఫైళ్లు ఇక్కడ గానీ, ఊరూపేరూ తెలియని కన్వర్టర్లలో గానీ, ఏఐ చాట్‌లలో గానీ పెట్టకండి. నమూనాకి పేర్లు మార్చి నాలుగు వరసలు చాలు.

బడిగంట
శుక్రవారం, సాయంత్రం 6:31

తప్పయింది సార్.

సింహపురి
శుక్రవారం, రాత్రి 8:45

తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లోకి మార్చాలి. ఇంగ్లీషులో ఉత్త 'టి' చూసి అది త ఆ, ట ఆ, థ ఆ అని ఎవరు చెప్పగలరు? తెలుగు నుంచి వెళ్తే తికమక లేదు, ప్రతి అక్షరానికీ ఒకే రాత. లిప్యంతరీకరణకి ఇండిక్ ట్రాన్స్‌లిటరేషన్ లైబ్రరీ పైథాన్‌లో ఉంది, కొత్తగా రాయక్కర్లేదు. తర్వాత రెండువైపులా ఒకేలా అరగదీయాలి. మనవాళ్లు సీతని 'టి హెచ్'తో రాస్తారు, ఉత్తరాదివాళ్లు ఉత్త 'టి'తో. కాబట్టి 'టి హెచ్' అంటే 'టి'. 'డబ్ల్యూ' అంటే 'వి'. రెండు 'ఈ'లు ఒక 'ఐ'. రెండు 'ఓ'లు ఒక 'యు'. 'జెడ్' అంటే 'జె'. జంట అక్షరాలు ఒంటి అక్షరం. రావుని మూడు రకాలుగా రాస్తారు, మూడూ ఒకటి.

వరస జాగ్రత్త! 'కె ఎస్ హెచ్'ని 'ఎక్స్' చేసే నియమం ముందుండాలి. 'ఎస్ హెచ్'ని 'ఎస్' చేసే నియమం ముందు నడిస్తే లక్ష్మిలో 'కె ఎస్' మిగిలిపోయి, 'ఎక్స్' లక్ష్మితో కలవదు. నేను ఒక పూటంతా దీని మీద పోగొట్టుకున్నాను. జంట అక్షరాల నియమం కూడా అంతే. అది రెండు 'ఈ'ల నియమం కన్నా ముందు నడిస్తే శ్రీనివాస్‌లో 'ఈ' ఒకటే మిగిలి, 'ఐ' కాకుండా పోతుంది.

పొడి అక్షరాలు విడిగా చూడాలి. 'కె.వి.ఎస్.' అన్నచోట ఒక్కో అక్షరం అవతలి పేరులో ఒక్కో పదానికి మొదటి అక్షరంగా సరిపోతుందా అని మాత్రం చూడండి. ఎస్ అంటే సత్య కావచ్చు, సూర్య కావచ్చు, సుబ్బ కావచ్చు.

ఇంకొకటి, టోకెన్ సెట్ అనే ఫంక్షన్ జోలికి పోవద్దు. ఒక పేరులోని పదాలన్నీ ఇంకో పేరులో ఉంటే చాలు, అది 100 ఇచ్చేస్తుంది. 'లక్ష్మి'కి 'వెంకట లక్ష్మి', 'నాగ లక్ష్మి', 'వర లక్ష్మి' అందరూ నూరే.

బడిగంట
ఆదివారం, రాత్రి 11:15

మూడు రోజులు కూర్చున్నాను. ఇంట్లో తిట్లు కూడా తిన్నాను. లెక్క ఇది:

684లో పూర్తిగా నమ్మకంగా కలిసినవి 522. అనుమానంగా ఉన్నవి 119. అసలు దొరకనివి 43.

అనుమానం ఉన్నవాటిని కోడ్‌తో తేల్చే ప్రయత్నం మానేసి, ఒక్కో పేరుకీ మొదటి మూడు పోలికలు పక్కన వేసి ప్రింటు తీశాను. ఈరోజు మధ్యాహ్నం మా రిటైర్డ్ హెడ్మాస్టారి దగ్గరికి తీసుకెళ్లాను. ఆయనకి 81 ఏళ్లు. కళ్లద్దాలు పెట్టుకుని ఎర్ర పెన్ను తీసుకున్నారు. గంటన్నరలో 97 తేల్చేశారు. "వీడు వెనక బెంచీ, వీడి తమ్ముడు ముందు బెంచీ" అంటూ. 1986లో ఇద్దరు లక్ష్ములున్నారు, ఇద్దరికీ తండ్రి పేరు ఒకటే, ఇద్దరికీ జూలై 1. నా కోడ్ వాళ్లిద్దర్నీ ఒకే ఫారానికి జతచేసి చెరి 98 ఇచ్చింది. మాస్టారు చూసి "వాళ్లు కవలలు కాదురా, బాబాయి పెదనాన్న పిల్లలు. ఇద్దరి తండ్రులకీ తాత పేరే పెట్టారు" అన్నారు. పెద లక్ష్మి, చిన లక్ష్మి అని పిలిచేవారట. అది ఏ రికార్డులోనూ లేదు.

అమ్మమ్మగారిల్లు
ఆదివారం, రాత్రి 11:28

ఆ ఫారం ఏ లక్ష్మిది?

బడిగంట
ఆదివారం, రాత్రి 11:33

ఫోన్ చేసి కనుక్కుందామని నంబరు చూస్తే అక్కడ 9.19E+11 అని ఉందమ్మా. కాలమ్ వెడల్పు పెంచినా అంతే. సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ ఫైలుగా) సేవ్ చేసినప్పటి నుంచీ అన్ని నంబర్లూ అలాగే ఉన్నాయి.

సింహపురి
ఆదివారం, రాత్రి 11:36

అయ్యో. 91తో మొదలయ్యే పన్నెండంకెల నంబర్లని ఎక్సెల్ పెద్ద సంఖ్య అనుకుని కుదించి చూపిస్తుంది. అలా చూపిస్తున్నప్పుడు సీఎస్‌వీగా సేవ్ చేస్తే కనిపించిందే రాసుకుంటుంది, మిగతా అంకెలు పోతాయి. ఆ సీఎస్‌వీలోంచి ఇక తిరిగి రావు. ఫారం వెనక ఉండే అసలు గూగుల్ షీట్ ఉంది కదా? దాన్ని డిలీట్ చేయలేదు కదా?

బడిగంట
ఆదివారం, రాత్రి 11:41

అది కమిటీ సెక్రటరీ గారి అకౌంట్లో ఉంది. పొద్దున్నే ఆయన ఇంటికెళ్లి చూసి చెప్తాను.